రోలుకు తగిలిన దిష్టి

మా చిన్నప్పుడు... ఒక పొద్దున మా అవ్వ ఎండుమిరపకాయలూ ఉప్పూ పిడికిట్లో పట్టుకుని, మా తమ్ముడి చుట్టూ మూడుసార్లు తిప్పి, స్నానాల నీళ్ళు కాగుతున్న పొయ్యిలో వేసింది. అందరం పొయ్యి చుట్టూ చేరి చూస్తున్నాం... దగ్గు వస్తుందా, రాదా అని.

రాలేదు.

"సూసిన్రా, జర గూడ ఘాటు లేదు. ఇది మామూలు దిష్టి కాదు" అంది అవ్వ.

దగ్గొస్తే దిష్టి లేనట్టు, రాకపోతే గట్టిగా తగిలినట్టు... మా ఇబ్రహీంపట్నంలో ఏ ఇంట్లో చూసినా ఇదే లెక్క.

తమ్ముడికి అప్పుడు నాలుగేళ్ళు. రెండు రోజులుగా అన్నం ముట్టడం లేదు. కడుపు పట్టుకుని ముడుచుకుని పడుకుంటున్నాడు. అంతకుముందే పక్కింటి ఖాజాబీ వాడి బుగ్గ గిల్లి "ఎంత ముద్దుగున్నవ్‌రా" అంది. అంతే... ఆ ఒక్క మాటకు ఆమె మా గడప తొక్కొద్దని అవ్వ తీర్పు చెప్పేసింది.

నాకది పెద్ద దెబ్బ. ఖాజాబీ పాత చీరలతో బొంతలు కుట్టేది. ఆమెకు చూపు ఆనదు. సూదిలో దారం ఎక్కించే పని నాది... ఎక్కించినప్పుడల్లా గుప్పెడు పుట్నాలు పెట్టేది.

ఇంకో సంగతి కూడా ఉంది. తోటలో రాలిన మామిడి పిందెలు ఏరుకొచ్చి, ఉప్పూ కారం అద్ది, తమ్ముడికి కడుపు నిండా తినిపించింది నేనే.

చెప్తే వీపు పగులుతుంది. చెప్పకపోతే ఖాజాబీ రాదు. తొమ్మిదేళ్ళ పిల్లకు ఇంతకన్నా పెద్ద ఫికర్ ఏముంటుంది?

ఆ రోజే బడిలో సైన్సు సారు ఒక మాట చెప్పాడు. "ఏదన్న నిజమా అబద్ధమా తెల్వాలంటే, ఒక్కటే మార్చి, తక్కినయన్నీ గట్లనే ఉంచి మళ్ళ చేసి సూడాలె."

నాకు ప్రాణం లేచొచ్చింది. దెబ్బలు తినకుండా నిజం బయటపెట్టే ఉపాయం దొరికింది...

మర్నాడు పొద్దున అదే పొయ్యి, అన్నే మిరపకాయలు, అంతే ఉప్పు. తమ్ముడికి బదులు మా రోలు చుట్టూ మూడుసార్లు తిప్పి మంటలో వేశాను. ఎవరికీ దగ్గు రాలేదు.

"సూడు అవ్వా, రోలుకు తిప్పినా ఘాటు రాలే. ఖాజాబీ తప్పేం లేదు గద."

అవ్వ వంగి రోలును తడిమి చూసింది. "అంటే రోలుకు గూడ తగిలిందన్నట్టు. మొన్న మన రోట్లె పచ్చడి నూరుకపోయింది ఎవలు?"

ఖాజాబీయే... నా సైన్సు పుణ్యమా అని పాపం ఆమె మీద రెండో నేరం పడింది.

"ఆమెకు సూది బెజ్జమే కనబడది అవ్వా. దిష్టి పెట్టనీకి సూపేడిది?"

"బెజ్జం సన్నగుంటది. నీ తమ్ముడు బొద్దుగుంటడు."

ఇక లాభం లేదని అవ్వ చుట్టూనే తిప్పి వేశాను. ఘాటు రాలేదు. ఇప్పుడేమంటుందో చూద్దామనుకున్నా. అవ్వ కొంగు సర్దుకుని కొంచెం సిగ్గుపడింది.

"ఉంటది బిడ్డా. నా ఈడోళ్ళల్ల ఇంత గట్టిగ ఎవలున్నరు..."

ఈలోగా నీళ్ళు కాగాయి. మంట ఆరి పొయ్యిలో నిప్పులు మిగిలాయి. నాకు ఒళ్ళు మండి, చేతిలో మిగిలిన మిరపకాయలు ఎవరికీ తిప్పకుండానే నిప్పుల మీద విసిరేశాను.

పొగ లేచింది... నేను, అవ్వ, తమ్ముడు, కొట్టంలో బర్రె... అందరం ఒకటే దగ్గు. గోడ అవతల ఖాజాబీ కూడా దగ్గింది.

"అవ్వా, మంటల ఏస్తే కాలిపోతున్నయ్, నిప్పుల మీద ఏస్తే ఘాటొస్తున్నది. నువ్వు ఎప్పుడూ మంటలనే ఏస్తవ్."

అవ్వ దగ్గుతూనే పొయ్యి వంక చూసింది, నా వంక చూసింది. "మరి పోరనికి కడుపెందుకు నొస్తది?"

అక్కడ నా సైన్సు ఆగిపోయింది.

"పిందెలు... నేనే తినిపించిన."

దెబ్బలు పడనే పడ్డాయి. రెండో దెబ్బకే గోడ అవతల నుంచి ఖాజాబీ గొంతు వినిపించింది. "పెద్దమ్మా, పిల్లను కొట్టకు. నాకు దారం ఎవలు ఎక్కియ్యాలె?"

"గోడవతలికెల్లి ఏం ఒర్రుతున్నవ్? వచ్చి ఆపరాదు" అంది అవ్వ.

మా అవ్వ తప్పు ఒప్పుకోవడం అంటే అదే... అంతకు మించి ఎప్పుడూ వినలేదు.

ఈ కథ నా బిడ్డకు ఎన్నిసార్లు చెప్పానో. రోలు దగ్గరికి రాగానే పడీ పడీ నవ్వేది. పోయినేడు ఆ నవ్వు ఆగిపోయింది... కొంగరకలాన్ దిక్కు ఫ్యాక్టరీలో కొలువొచ్చి నెల కూడా కాకముందే బిడ్డ పోయింది. గుండెలో పుట్టుకతోనే లోపం ఉందట. డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. నేను చదివింది ఏడో తరగతి, సగమే అర్థమైంది. ఎవరి కన్నూ కాదు, నేను పెట్టిన తిండీ కాదు... ఆ సగం మాత్రం బాగా అర్థమైంది.

పలకరించడానికి వచ్చినవాళ్ళు మాత్రం ఎదురింటి యాదమ్మ పేరు చెప్పారు. కొలువొచ్చిన రోజు "ఎంత సక్కగున్నవ్ బిడ్డా" అన్నదట. ఆ గుసగుసలు చెవిన పడి యాదమ్మ మా వైపు రావడమే మానేసింది.

నెల చూశాను. తర్వాత నేనే వెళ్ళి తలుపు కొట్టాను.

"నా బిడ్డను సక్కగున్నవన్నవంట గద యాదక్కా. మళ్ళొకసారి అను... ఇనాలనుంది."

ఇద్దరం ఏడ్చాం. ఆ తర్వాత రోలు కథ చెప్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది... అచ్చం నా బిడ్డ నవ్వే చోటనే.

ఇప్పుడు అందరివీ గ్యాసు పొయ్యిలే. మిరపకాయలు వేద్దామన్నా నిప్పులు లేవు... పేర్లు చెప్పే నోళ్ళు మాత్రం అట్లాగే ఉన్నాయి. మీ చిన్నప్పుడు మీ వాడలో ఎవరి కన్ను మంచిది కాదనేవాళ్ళు? ఆమె ఇప్పుడెట్లా ఉందో ఒకసారి కనుక్కుని, వచ్చి ఇక్కడ రాయండి... చదువుకుంటాను.