మేము బొట్టు పెట్టిన రాయి

మా భజన మండలి ప్రతి శనివారం సాయంత్రం ఫ్యాక్టరీ క్వార్టర్స్‌లో ఎవరో ఒకరి వరండాలో కూర్చునేది. డెబ్బయ్యో దశకం మొదటి ఏళ్ళు. లింగంపల్లి స్టేషన్ దాటితే బండలు, తుమ్మపొదలు, సీతాఫలం చెట్లు తప్ప ఏమీ ఉండేవి కావు. మాలో ఎక్కువమందిమి కోస్తా నుంచి ఉద్యోగాలకు వచ్చినవాళ్ళం. మా నాన్నగారు ఊళ్ళో పురాణం చెప్పేవారు. అక్షరాలు రాకముందే నాకు స్తోత్రాలు వచ్చాయి. దేవుడి పని అంటే రెండో ఆలోచన లేకుండా పెరిగాను. ఇప్పటికీ అంతే. అందుకే ఆ రాయి గుర్తొచ్చినప్పుడల్లా తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

ఫ్యాక్టరీ వాళ్ళంతా ఇళ్ళ సొసైటీ పెట్టుకుని మియాపూర్ వైపు కొంత నేల కొన్నారు. ఆ నేలలో గుండ్రంగా పాతిన పెద్ద పెద్ద రాళ్ళ వలయాలు ఉండేవి. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు వాటిని రాకాసి గుళ్ళు అనేవారు. రోడ్డుకు కంకర కావాలని సొసైటీ వాళ్ళు ఒక్కొక్కటే పగలగొట్టుకుంటూ వచ్చారు. ఒక్క వలయం మిగిలింది.

అప్పుడు పురావస్తు శాఖ నుంచి ఒక ఆఫీసరుగారు సైకిలు మీద వచ్చారు. ఒక్కో రాయినీ అరచేత్తో తడిమి చూశారు. భజన అయ్యేదాకా వరండా మెట్ల మీద కూర్చుని, తరువాత మాతో మాట్లాడారు.

"అవి గుళ్ళు కావు, సమాధులు. ఇనుము వాడుడు నేర్చుకున్న తొలికాలపు మనుషులవి. లోపల కుండలుంటయి, కత్తులుంటయి, ఎముకలుంటయి. ఏది ఎక్కడ పెట్టిండ్రో అక్కడ్నే ఉంటే మాకు ఏమన్నా తెలుస్తది. కదిలిస్తే ఇగ ఏం తెల్వది."

తవ్వడానికి పైనుంచి ఆర్డరు రావాలట. వానలు తగ్గాక వస్తానన్నారు. "అప్పటిదాకా జర కనిపెట్టుకొని ఉండుండ్రి. పూజలు చేసేటోళ్ళు మీరు, మీ మాట వింటరు."

మాట ఇచ్చాం.

బుల్డోజరు వచ్చినప్పుడు మా మాట ఎవరూ వినలేదు. సొసైటీ వాళ్ళు రోడ్డు అటే పోవాలన్నారు. మా మండలి పెద్దాయన నవ్వి, "మనం చెబితే వినరండి, దేవుడు చెబితే వింటారు," అన్నారు. తెల్లవారి స్నానాలు చేసి వెళ్ళాం. వలయంలో అన్నిటికన్నా ఎత్తయిన రాయికి పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, దీపం వెలిగించాం.

"సమాధి కదండీ, మైల కాదా?" అని ఎవరో అడిగారు.

"ఎప్పటి మనుషులో! వాళ్ళ మైల ఎప్పుడో తీరిపోయిందిలెండి," అన్నారు పెద్దాయన.

డ్రైవరు బండి దిగి చెప్పులు విడిచాడు. "నిన్న లేకుండె గదా సారూ, గీ దేవుడు?"

"నిన్నా ఉన్నాడు నాయనా. నువ్వు చూడలేదు."

"రాత్రికి రాత్రి వచ్చి దిగిండా? సొసైటీకి కిరాయి గిట్ల కడ్తడా మరి?" అంటూనే దండం పెట్టుకున్నాడు. "నేనైతే ముట్ట. పిల్లలున్నోన్ని."

రోడ్డు వంకర తిరిగింది. మేం పొంగిపోయాం.

వెలిగించిన దీపాన్ని ఒక్కరోజుతో ఆపడం ఎలా? భజన అక్కడికే మారింది. ఆడవాళ్ళు కూర్చోవడానికి చోటు లేదని లోపల గుట్టగా ఉన్న చిన్న రాళ్ళను ఏరి చదును చేశాం. చుట్టూ ఉన్న బండల్లో కొన్నిటిని గడ్డపారలతో దొర్లించి అరుగుకు అంచుగా పేర్చాం. అరుగు మీద సిమెంటు వేశాం. ప్రతి పనికీ కొబ్బరికాయ కొట్టే మొదలుపెట్టాం. ధ్వజస్తంభం నాటడానికి అరుగు నడిమధ్య గొయ్యి తవ్వినప్పుడు కుండ పెంకులు, ఇనుప ముక్కలు, ఎముకలు పైకి వచ్చాయి.

అందరం ఆగిపోయాం. అక్కడ ఒక్కరికైనా ఆఫీసరుగారి మాట గుర్తొచ్చి ఉంటే ఎంత బాగుండేది. మాకు శాస్త్రం గుర్తొచ్చింది. పోయినవాళ్ళ అస్థికలు కాళ్ళ కింద ఉండకూడదు కదా. అన్నిటినీ కొత్త గుడ్డలో మూటగట్టి, మంత్రాలు చదువుతూ తీసుకెళ్ళి చెరువులో కలిపాం. మోసింది నేనే. మండలిలో నాకది గౌరవం.

వానలు తగ్గాక ఆఫీసరుగారు ఆర్డరు కాగితం పట్టుకుని వచ్చారు. అరుగు చూసి సైకిలు దిగారు. మా పెద్దాయన ఎదురెళ్ళి, "మీ మాట నిలబెట్టామండి. ఇక దీన్ని ఎవడూ కదపలేడు," అని ఆయన మెడలో పూలదండ వేశారు. ఆయన వద్దనలేదు. అరుగు చుట్టూ చూసి, "తవ్వినప్పుడు ఏమన్నా వచ్చినయా?" అని అడిగారు.

"వచ్చాయండి. శాస్త్రోక్తంగా చెరువులో కలిపేశాం. మూట వీరే మోశారు," అని పెద్దాయన నన్ను చూపించారు.

 ఆఫీసరుగారు రాయి వైపు ఒక అడుగు వేశారు.

"స్నానం చేసే వచ్చారా అండి?" అన్నారు మా పెద్దాయన మర్యాదగానే. "ఏమీ అనుకోకండి. ప్రతిష్ఠ అయిన మూర్తి."

లేదని తల ఊపి ఆయన వెనక్కి వచ్చారు. నాకు అక్కడ నిలబడబుద్ధి కాలేదు. ప్రసాదం దొన్నె తీసుకుని ఆయన వెనకే రోడ్డు దాకా వెళ్ళాను. రెండు చేతులతో అందుకుని, కళ్ళకద్దుకుని, సైకిలు పక్కన నిలబడే తిన్నారు.

"మూట మీరే మోసిండ్రట గదా," అన్నారు. "ఆ పెంకులు ఎట్లుండె? లోపల నలుపు, బయట ఎరుపు ఉండెనా? అంచుకు గీతలు గిట్ల ఉండెనా? గది చెప్పినా చాలు, రాసుకుంట."

నీళ్ళలోకి విడిచేముందు గుడ్డ ముడి విప్పింది నేనే. ఒక్కొక్క పెంకూ నా అరచేతుల్లోంచే జారింది. ఆయన జేబులోంచి పెన్ను తీసి నా వైపు చూస్తూ నిలబడ్డారు.

"చూడలేదండి," అన్నాను. "మంత్రం చదువుతూ కళ్ళు మూసుకున్నాను."