చల్లార్చే క్రియలు

నన్ను మొండిదాన్నంటారు. అననీ. ఎనభైల్లో చిట్యాల బడిలో టీచరుగా ఉన్నప్పుడు, తనిఖీకి వచ్చిన పెద్దమనిషికి వంగి దండం పెట్టలేదని తోటి టీచర్లే ఆ పేరు పెట్టారు. పుట్టుకతో వచ్చిన బుద్ధి కాదది. జనగామలో మా కాలేజీ ప్రిన్సిపాల్ పుణ్యం.

అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో మేం ఆడపిల్లలమూ ఊరేగింపులో నడిచాం. కాలేజీ చాలా రోజులు మూతపడి మళ్లీ తెరిచాక ప్రిన్సిపాల్ ఒక షరతు పెట్టాడు. నడిచిన ప్రతి ఒక్కరూ ఇంగ్లీషులో క్షమాపణ పత్రం రాసి సంతకం పెట్టాలి. పెట్టకపోతే హాల్ టికెట్ లేదు. మా ఇంట్లో అప్పటికే నా పెళ్లి మాట నడుస్తోంది. ఈసారి పరీక్ష తప్పిపోతే నా చదువు బంద్.

మాకు ఇంగ్లీషు చెప్పేదీ ఆయనే. కోస్తా నుంచి వచ్చినవాడు. మేం "గిట్ల" అంటే చాలు, ముసిముసిగా నవ్వేవాడు. పాఠం మాత్రం బ్రహ్మాండంగా చెప్పేవాడు, అబద్ధమెందుకు. పత్రాలు బాగా కుదరాలని ఒకరోజు బోర్డు మీద ఆరు క్రియలు రాశాడు. అపీజ్, ప్లకేట్, పాసిఫై, మోలిఫై, ఇన్‌గ్రేషియేట్, ప్రొపిషియేట్. అడిగింది ఇచ్చి ఊరుకోబెట్టడం, అలిగినవాణ్ని బుజ్జగించడం, అరిచేవాణ్ని ఊరడించడం, కటువు మనిషిని మెత్తబరచడం, వెంట తిరిగి మెప్పు సంపాదించడం. ఆఖరిది దేవతలకు చేసేదట. అబ్బో, కాళ్లు పట్టుకోవడంలో ఇన్ని రకాలున్నాయా అనుకున్నాను.

మా నాయినకు ఇంగ్లీషు ముక్క రాదు గానీ ఈ ఆరూ వచ్చు. ఆయనది కిరాణా దుకాణం. బేరమాడే రైతైనా, లైసెన్సు చూడటానికి వచ్చిన అధికారైనా, ఎవరు గొంతు పెంచినా "మీరన్నదే నిజం, కూసోండ్రి, చాయ్ తాగుండ్రి" అనేవాడు. ఎవరితోనూ ఆయన కాదనడం నేను వినలేదు. పత్రం సంగతి చెబితే "రాసియ్యి బిడ్డా, కాయితమే గదా" అన్నాడు. సరే అని నేనూ మొదలుపెట్టాను. సగం పేజీ రాశాను కూడా.

ఆ సాయంత్రం క్రియలు పైకి చదువుతుంటే మా అవ్వ, అంటే నాయిన తల్లి, పక్కన కూర్చుంది.

"ఏందే అది, మంత్రమా?"

"మా సారు కోపం చల్లార్చే మాటలవ్వా. ఆయన చల్లబడకుంటే పరీక్ష రాయనియ్యడు."

"ఓసి పిచ్చిదానా, గీ ముచ్చట ముందుగాల జెప్పొద్దా!"

పోచమ్మకు కోపమొచ్చిందంటే మా దిక్కు సాక పోస్తారు. బెల్లం, పసుపు కలిపిన నీళ్లలో వేపాకు వేసి, అమ్మవారి ముందు ధారగా పోసి, తప్పు కాయమని మొక్కుతారు. మా అవ్వకు కోపానికి తెలిసిన మందు అదొక్కటే. మర్నాడు పొద్దున్నే ఇత్తడి చెంబుతో కాలేజీకి వచ్చింది. అందరూ చూస్తుండగా ప్రిన్సిపాల్ గది గడప ముందు సాక పోసింది. "సల్లవడు సారూ! పోరలు తెల్వక జేసిండ్రు, కడుపుల వెట్టుకో" అని చేతులు జోడించింది.

ఆయన బయటికొచ్చి, తడిసిన గడప చూసి, పగలబడి నవ్వాడు. "చూశారా, ప్రొపిషియేట్ అంటే ఇదే!" అని మా వైపు తిరిగి, "సల్లవడు సారూ" అంటూ మా అవ్వలాగే గొంతు సాగదీశాడు. వరండా అంతా నవ్వింది. ఆయన కోపం దిగిందనుకుని అవ్వ కూడా నవ్వింది.

అవ్వ నవ్వడం చూసి నా ఒళ్లు భగ్గుమంది. ఇంటికెళ్లి ఆ సగం పేజీ పొయ్యిలో పడేశాను. "సారు నవ్విండు గదనే, ఇగ భయమేంది?" అంది అవ్వ. ఆ ముసలిదానికి నిజం చెప్పడానికి నాకు నోరు రాలేదు. నాయినకూ చెప్పలేదు. పత్రం రాయనని మాత్రం అన్నాను. ఆయన రెండు రోజులు బతిమాలి ఊరుకున్నాడు.

పరీక్ష రోజు పెన్ను పట్టుకుని వెళ్లాను. గేటు దగ్గర ఆపేశారు. నేను కదల్లేదు. కాసేపటికి నాయిన వచ్చాడు, మంచి గిరాకీ వేళ దుకాణం మూసి! లోపల గంట కొట్టారు. అటెండరు ఒక కాగితం తెచ్చాడు. పత్రం ప్రిన్సిపాలే రాసి పంపాడు.

"అర్ధగంట దాంక రానిస్తడట. సంతకం ఒక్కటి వెట్టమన్నడు."

నాయిన కాగితం అందుకుని నా మొహంలోకి చూశాడు. "బిడ్డా, ఒక్క గీత. గీసెయ్యరాదు?"

"గీయను నాయినా. అవ్వ సాక పోస్తే ఆయన ఎక్కిరించిండు. ఆమె మాట్లాడినట్టు మాట్లాడి అందర్ని నవ్విచ్చిండు. దానికి ఆయన రాసిస్తడా తప్పయిందని?"

"ఎవల? మా అవ్వనా?"

"ఔ."

నాయిన గేటు లోపలి వరండా వైపు చూశాడు. అటెండరు గడియారం చూసుకుంటూ "జల్ది జెప్పుండ్రి సేటూ" అన్నాడు. నాయిన ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి అతని చేతికిచ్చాడు.

"వెట్టదు. మీ సారుకు కోపమొస్తే రానియ్యి" అన్నాడు.