ఆపరేషన్ పొద్దున చెంబెడు పాలు

మా గౌలిపుర ఇంట్లో పాలను ఎవరూ తిండి కింద లెక్కపెట్టరు. వాకిట్లో బర్రెలున్న ఇల్లు. శనివారం ఒక్కపొద్దు ఉన్నా మా అత్త పాలు మాత్రం తాగేది.

నా బిడ్డకు పుట్టుకతో కండరాల జబ్బు. పెరిగేకొద్దీ వెన్ను ఒక పక్కకు వంగి, కూర్చున్నా ఊపిరి సరిగా ఆడేది కాదు. కడ్డీలు వేసి వెన్ను నిలబెడతామన్నారు పెద్దాసుపత్రిలో. నా భయమంతా మత్తు గురించే. మత్తులోకి పోయిన పిల్ల మళ్లీ తనంతట తాను ఊపిరి తీసుకుంటుందా అని.

మత్తు డాక్టరమ్మ కోస్తా వైపు మనిషి. అందరికీ ఇచ్చే మత్తు గాలి ఈ పాపకు పడదని, వేరే మందు సూదితో ఎక్కిస్తానని చెప్పింది. ఊపిరికి బలం రావాలని, గ్లాసు నీళ్లలో గొట్టం పెట్టి బుడగలు ఊదించమంది. అప్పటికి నాకు అక్షరాలు రావు. విన్నది విన్నట్టు అత్తకు అప్పజెప్పేదాన్ని. ఆపరేషన్ పొద్దున ఏమీ పెట్టొద్దన్నారని కూడా చెప్పాను.

ఆ పొద్దున థియేటర్ గుమ్మం దగ్గర డాక్టరమ్మ అడిగింది.

"పాప ఏమైనా తిందా?"

"ఏం తినలే" అన్నాను.

ఆమె అత్త చేతిలోని చెంబు వైపు చూసింది. "అందులో ఏం తెచ్చారమ్మా?"

"పాలు. రెండు గుక్కలు తాపిన. పాలు తిండెట్లయితది?"

"మత్తులో ఆ పాలు పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే, దగ్గి బయటికి తోసే బలం పాపకు లేదమ్మా. ఇవాళ వద్దు. వచ్చే వారం చేద్దాం."

అత్త చెంబును కొంగు కిందికి లాక్కుంది. స్ట్రెచర్ మీద నుంచి నా బిడ్డ అంది, "వద్దంటే ఇన్నవా నానమ్మా? ఇగ వారమంత బుడగలు ఊదాలె."

"ఊదు. నేను గూడ ఊదుత."

అన్నట్టే ఊదింది. వారమంతా ఇద్దరూ ఎదురెదురుగా గ్లాసులు పెట్టుకుని పోటీపడ్డారు.

రెండోసారి అత్త చెంబు ఇంట్లోనే వదిలి వచ్చింది. ఆపరేషన్ సాయంత్రం దాకా సాగింది. మర్నాడంతా బిడ్డ ఊపిరి మిషన్ మీదే ఉంది. ఆ మర్నాడు గొంతులోంచి గొట్టం తీశారు. డాక్టరమ్మ మంచం పక్కనే నిలబడి దగ్గమంది. బిడ్డ దగ్గింది, పిల్లికూన దగ్గినట్టు. ఊపిరి ఆగలేదు. కాసేపటికి డాక్టరమ్మే చెంచాతో నీళ్లు పోసి, గుటక పడేదాకా చూసింది.

తలుపు దగ్గర నిలబడ్డ అత్త మెల్లగా అడిగింది. "డాక్టరమ్మా, ఇప్పుడు పాలు తేవచ్చునా?"

"ఇప్పుడు తెండమ్మా."

అత్త అప్పటికే మెట్ల వైపు తిరిగింది. వెనక నుంచి బొంగురు గొంతు వినిపించింది.

"నానమ్మా, చక్కెర మస్తుగ ఎయ్యి."