ఊపిరి లెక్కకు ఏ సాఫ్ట్‌వేర్?

మా ఊరి బంగారు గనులు మూతపడిన పదో ఏడు. ఊరిగాంలో నా డేటా ఎంట్రీ అంగడికి ఎవరొచ్చినా, వాళ్ల మాట పూర్తయ్యేలోపే సరైన స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్ పేరు చెప్పేసేవాణ్ణి. బెంగళూరు ప్రొఫెసర్లు సైతం నన్నడిగాకే కొనేవారు.

గ్రేస్ అనే నర్సు కూడా అలాగే వచ్చింది. ఎమ్మెస్సీ థీసిస్ కోసం పాత గని కార్మికుల చేత పీక్ ఫ్లో మీటర్ ఊదించింది. గట్టిగా ఊదితే ఊపిరి బలం చూపే చిన్న గొట్టం అది. గని లోపల పనిచేసినవాళ్లకూ పైన పనిచేసినవాళ్లకూ తేడా ఎంతో తేల్చాలి. గైడ్ ఇప్పటికే ఒకసారి వెనక్కి పంపారు. మళ్లీ పంపితే ఏడాది పోతుంది, దాంతోపాటు లెక్చరర్ ఉద్యోగమూ.

"ఎక్సెల్ చాలదా అంకుల్?"

"సగటుకు చాలునమ్మా. లోపల చేసినోళ్లకు వయసు ఎక్కువ ఉండాది కదా. ఆ వయసు సంగతి పక్కకు తీసి పోల్చాలంటే రిగ్రెషన్ చేయాల."

మౌస్ నొక్కితే రంగురంగుల గ్రాఫులిచ్చే ఖరీదైన సాఫ్ట్‌వేర్ చూపించాను. నా దగ్గర దాని పధ్నాలుగు రోజుల ట్రయల్ కాపీ ఉంది.

"పదైదో దినం గైడ్ మార్చమంటే?"

నేను కళ్లద్దాలు తుడుచుకున్నాను. "ఇంగ ఆర్ అని ఒకటుండాది. ఉచితం. కానీ అన్నీ టైపు చేయాల. దాన్ని స్క్రిప్టు అంటారు. దాచిపెట్టి మళ్లీ నడిపిస్తే లెక్కంతా మొదట్నుంచి అదే చేస్తాది."

"అట్లయితే అదే."

ఇక్కడ ఒప్పుకోవాలి. ఎంచింది ఆమె. ఇక ప్రొఫెసర్లంటారా, వచ్చింది ఒక్కాయన. జిరాక్స్ ఎక్కడ తీస్తారని అడిగి వెళ్లాడు.

ఆర్ నాకూ కొత్తే. మూడు వారాలు స్క్రిప్టులో తప్పిపోయిన కామాలు వెతికి, థీసిస్ పంపాం. నెల తర్వాత నా అంగట్లో ఉండగానే ఆమెకు గైడ్ ఫోను వచ్చింది.

"గ్రేస్, నీ జాబితాలో పదకొండు మందికి ఊపిరి సున్నా. బతికే ఉన్నారా వీళ్లు?"

ఆ సున్నాలు వేసింది నేనే. గనిలో, రాతిలో బంగారం ఎంతుందో చూసే శాంపిల్ ఆఫీసులో గుమాస్తాగా ముప్పై ఏళ్లు చేశాను. ఖాళీ గడి కనిపిస్తే మా దొర సంతకం పెట్టేవాడు కాదు. శాంపిల్ రాని చోట సున్నా వేసేవాళ్లం. గ్రేస్ కాగితాలు కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు, పరీక్షకు రాని మనుషులకూ అదే వేశాను. సాఫ్ట్‌వేర్ దాన్ని అసలు కొలతే అనుకుంది.

సాయంత్రంలోగా సరిచేయమన్నారు. ట్రయల్ కాపీ అయితే ఎప్పుడో తాళం పడేది. పదకొండు గళ్లు ఖాళీ చేసి స్క్రిప్టు నడిపాం. టీ చల్లారకముందే పట్టికలన్నీ మారాయి, తేడా మునుపటికంటే స్పష్టంగా తేలింది. థీసిస్ పాసైంది. గ్రేస్ లెక్చరర్ అయింది. ఊరిగాం అంతా నేనే మిఠాయి పంచాను.

ఇప్పుడు ఎవరొచ్చినా ముందు ఒకటే అడుగుతాను: "నెల తర్వాత మళ్లీ చేయమంటే ఎట్లప్పా?"

ఇదంతా రాసి, సాఫ్ట్‌వేరే కాపాడిందంటూ గ్రేస్‌కు చదివి వినిపించాను.

"యాడ కాపాడింది అంకుల్? ఆ సున్నాలు మూడు వారాలు మన కండ్ల ముందరే ఉండె. అందులో ఒకటి మా నాయనది. ఆ పొద్దు కంటి ఆపరేషనుకు పోయినాడు, ఊదేదానికి రాలేదు. మీరు ఆయనకు ఊపిరే లేదని రాసినారు, నేను కూతురై చూసుకోలేదు. అది రాయండి."