ఉపవాసం రోజు ఇచ్చిన బిళ్ళ

మా అత్తయ్యగారికి మందులు వేయడం పదకొండేళ్ళు నా పని. మా ఆయన కువైట్‌లో ఉండేవారు. ఫోన్ చేసినప్పుడల్లా పిల్లల చదువుల కంటే ముందు, "అమ్మ మందులేసుకుంటోందా?" అని అడిగేవారు. "నేనున్నాను కదండీ, మీకెందుకా బెంగ" అనేదాన్ని. ఆ జవాబు చెప్పడంలో నాకు కాస్త గర్వం కూడా ఉండేది.

ఉండదా మరి! మందుల పెట్టెల్లో మడతపెట్టి ఉండే కాగితాలు విప్పి ఒక్కొక్క మాటా కూడబలుక్కుని చదివేదాన్ని. బీపీ బిళ్ళ మొదలుపెట్టిన నెలకి ఆవిడ పాదాలు పొంగితే, వీధిలో అందరూ ఒంటికి నీరు పట్టిందన్నారు. బిళ్ళ వల్లేమోనని డాక్టరుగారిని అడిగింది నేనే. ఆయన మందు మార్చారు, వాపు తగ్గింది. షుగరుకి వేసే పెద్ద బిళ్ళ పరగడుపున పడితే కడుపులో తిప్పుతుందని కనిపెట్టిందీ నేనే. దాంతో మా వీధిలో ఎవరికి కొత్త మందు రాసినా చీటీ పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చేవారు. ఇంటర్ తప్పిన దానికి అంతకంటే ఏం కావాలి.

షుగరుకే ఇంకో చిన్న బిళ్ళ కూడా ఉండేది. పొద్దున్న టిఫినుకి ముందు వేయాలి. చిక్కల్లా కార్తీక సోమవారాలతో వచ్చింది. ఆ రోజు ఆవిడ తెల్లవారకముందే కాలువలో స్నానం చేసి, దీపం వదిలి వచ్చి, మళ్ళీ చుక్క పొడిచేదాకా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టేవారు కాదు. మందులూ మానేసేవారు. ఒక ఏడాది మాత్రం నేను ఊరుకోలేదు. గుడి పంతులుగారిని అడిగాను.

"మందుకి దోషం లేదమ్మా. పెద్దావిడ కదా, పాలూ పళ్ళూ కూడా పుచ్చుకోమనండి" అన్నారాయన.

ఆ మాట ఇంటికి వచ్చి చెప్పాను. "పాలు తాగితే అదేం ఉపవాసవే, చాల్లే" అన్నారు అత్తయ్యగారు. నవ్వి ఊరుకున్నాను. బిళ్ళకి ఒప్పుకున్నారు, అదే పదివేలు అనుకున్నాను. మొదటి సోమవారం పొద్దున్న, ఉద్ధరిణెడు తులసి తీర్థంతో ఆ చిన్న బిళ్ళ నా చేత్తోనే మింగించాను.

మూడు గంటలవేళ ఆవిడ వసారాలో కూర్చుని దీపాలకి వత్తులు చేస్తున్నారు. ఒడినిండా వత్తులు పెట్టుకుని, "నా వత్తులేవే? నువ్వే తీసేవు" అని నామీద విరుచుకుపడ్డారు. ఇన్నేళ్ళలో ఆవిడ నన్ను అలాంటి మాట అనలేదు. చేతులు వణుకుతున్నాయి. చల్లటి కార్తీకంలో నుదురంతా చెమట.

"ఆకలి మీది, కోపం నామీదా? ఎవరుండమన్నారండీ మిమ్మల్ని ఉపవాసం?" అనేసి పెరట్లోకి వెళ్ళిపోయాను. నాకు మొదటినుంచీ నోరు దురుసు. ఎండిన కొబ్బరి చిప్పలు బుట్టకెత్తుకుంటూ, ఆవిడే పిలుస్తారులే అని పంతం పట్టాను. చెమట, వణుకు, చిరాకు, తికమక, అన్నీ నేను చదివిన కాగితంలో ఉన్నవే. కాగితం మీద చదివాను గానీ మనిషి మొహంలో పోల్చుకోలేకపోయాను.

ఆవిడ పిలవలేదు. లోపలికి వచ్చేసరికి వత్తుల మీదికే ఒరిగిపోయి ఉన్నారు. కుదిపినా కళ్ళు తెరవలేదు. పక్కింటాయన పరుగెత్తి ఊళ్ళో ఆర్ఎంపీ గారిని తీసుకొచ్చారు. ఆయన వేలు పొడిచి షుగరు చూశారు. బాగా పడిపోయి ఉంది.

"పొద్దున్నుంచీ ఏం తిన్నారండీ?"

"ఏం లేదండీ. సోమవారం కదండీ."

"షుగరు బిళ్ళ వేసేరా?"

"ఆయ్, వేసేనండీ. మానలేదండీ" అన్నాను.

ఆయన నావైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. అక్కడే గ్లూకోజు ఎక్కించి, ఆటోలో అమలాపురం పంపించారు.

"ఆ బిళ్ళ తిండిని నమ్ముకుని ఇచ్చేదమ్మా. తిండి పడకపోయినా దాని పని అది చేసుకుపోతుంది. ఉపవాసాలుంటారని మాకెప్పుడూ చెప్పలేదేం?" అన్నారు అక్కడి డాక్టరుగారు. మందుల గురించి అన్నీ అడిగే నేను అది మాత్రం చెప్పలేదు. ఉపవాసం దేవుడి విషయం, డాక్టరుతో దానికేం పని అనుకున్నాను. మందు బలం పోయేదాకా షుగరు మళ్ళీ పడిపోవచ్చని రెండు రోజులు ఉంచేశారు. ఈవిడ కళ్ళు తెరవకపోతే పెరట్లోకి పోతూ నేను విసిరిన మాటే ఆవిడతో నా ఆఖరి మాట అవుతుందని భయంతో చచ్చిపోయాను.

దేవుడి దయవల్ల ఇంటికి వచ్చారు. చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ళతోనూ, "మా కోడలు వేళకి బిళ్ళ వేసింది గనక బతికేనమ్మా, లేకపోతే ఆవేళే పోదును" అనేవారు. కాఫీ గ్లాసులు పట్టుకుని వింటూ నిలబడేదాన్ని. అది నిజం కాదని చెప్పలేదు. సిగ్గే కాదు, ఆ మంచిపేరు మీద ఆశ కూడా ఉంది నాకు.

ఆదివారం సాయంత్రం ఎదురింటి కోడలు వచ్చింది. "అక్కా, మా అత్తగారికి రేపు ఉపవాసవే. మందులు మానేస్తానంటున్నారు. మీ అత్తయ్యగారి మాట చెప్పి, ఎలాగైనా షుగరు బిళ్ళ వేసేస్తాను" అంది.

ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని ఆపాను.

"వెయ్యకు. మా అత్తయ్యగారు పడిపోయింది నేను వేసిన బిళ్ళ వల్లే. తినకుండా ఉంటే ఆ బిళ్ళ వెయ్యకూడదు. నీ ఇష్టమొచ్చినట్టు మానెయ్యకుండా, ఇప్పుడే డాక్టరుగారికి ఫోన్ చేసి అడుగు" అన్నాను. అత్తయ్యగారు మంచం మీదే ఉన్నారు. ఆవిడ వినాలనే గట్టిగా అన్నాను.

ఆ అమ్మాయి ఫోన్ చేస్తానని వెళ్ళిపోయింది. అత్తయ్యగారు నన్ను పక్కన కూర్చోమన్నారు.

"ఆసుపత్రిలోనే చెప్పేరే నాకు డాక్టరుగారు. ఆ మాట బయటపడితే రేపు వీధిలో నిన్ను బతకనిస్తారా? నా కొడుకు మాత్రం ఊరుకుంటాడా? అందుకే అలా చెప్పుకొస్తున్నాను" అన్నారు.