అతుకు వేసిన గిటార్

మా ఇంటి ఓనరు మొన్న మంగళవారం పొద్దున పోయారు. నేను ఆఫీసులో ఉండగా పక్కింటావిడ ఫోన్ చేసింది. "చాయ్ తాగుకుంటనే ఒరిగిపోయిండమ్మా. దవాఖానకు తీస్కపోయేలోపే అయిపోయింది." ఖాజాగూడలో ఆయన ఇంటి పైగదిలో కొన్నేళ్లుగా అద్దెకుంటున్నాను. ఆ మాట వినగానే నా మనసు వాళ్లావిడ మీదికి పోయింది. ఇక ఆమె గతేమిటి?

పక్షవాతం వచ్చి ఆమెకు మాట పడిపోయింది. పాట మాత్రం పోలేదు. ఎవరో పాత అద్దెవాళ్లు వదిలేసి వెళ్లిన చవక గిటార్ మీద ఆయన తనకు వచ్చిన రెండు మూడు స్వరాలు మీటితే, ఆమె బతుకమ్మ పాటలు పదం పోకుండా పాడేది.

నాది కాకినాడ. ఆయన తెలంగాణ ఉద్యమం మనిషి. ధర్నా ఎక్కడ ఉంటే అక్కడ ఉండేవారు. బంద్ అన్నప్పుడల్లా ఇల్లు ఖాళీ చేయమంటారేమోనని నాకు దడ. ఒకరోజు ఆయన మెట్లెక్కి వస్తుంటే ఆ ఘడియ వచ్చిందనుకున్నాను. తీరా చూస్తే చేతిలో గిటార్. తీగలను పట్టి ఉంచే చెక్క ఊడి లేచిపోయింది.

"ఎండల బెట్టి ఆగం జేసిన బిడ్డా. నీకు వాయించొస్తది గద, జర చూడు."

ఇద్దరం బోరబండ వెళ్లాం. బాగుచేసే అతను పెదవి విరిచాడు. "కొత్తది కొనుక్కోండి మేడమ్. అతికించినా, తీగలు బిగిస్తే మళ్ల లేస్తది."

ఆయన నా వైపు తిరిగారు. "నువ్వెట్లంటె అట్ల."

కొత్తదాని గొంతుకు ఆమె పలకకపోతే? పాతది ఆమె పాడుతుండగానే ఊడిపోతే?

"పాతదే చేయిద్దామండి" అన్నాను, ధైర్యం లేకుండానే.

"ఇగ ఫికర్ జెయ్యకు. ఊడితే మల్ల అతికిద్దం."

ఏ పనికైనా ఆయన అనే మాట అదే.

గిటార్ తీసుకుని వస్తున్న రోజు ఉన్నట్టుండి బంద్ అన్నారు. ఆటో గచ్చిబౌలిలోనే దింపేసింది. నడుస్తుంటే రోడ్డు మీద బైఠాయించిన కుర్రాళ్లు ఆపారు.

"ఏందక్కా అది? జర వాయించు."

"రేపటిదాకా తీగలు బిగించొద్దన్నారండి."

"ఆంధ్రానా?" అన్నాడొకడు. నేను గిటార్‌ను దగ్గరికి పొదువుకున్నాను.

గుంపు వెనక నుంచి మా ఓనరు లేచి వచ్చారు. "మా బిడ్డనే. మీ పెద్దమ్మ కోసం తెస్తున్నది. తొవ్వియ్యుండ్రి." గిటార్ అందుకుని, ఎవరికీ తగలకుండా ఎత్తి పట్టుకుని నాతో ఇంటిదాకా నడిచారు.

మర్నాడు ఆయన ఒక్కో తీగా బిగిస్తుంటే నేను ఆ చెక్కనే చూస్తూ కూర్చున్నాను. అతుకు నిలిచింది. ఆమె పాడింది.

ఆయన కోరుకున్న రాష్ట్రం ఇంకా రాలేదు. ఆయన వెళ్లిపోయారు. నిన్న బంధువులు బయట కూర్చుని ఉండగా ఆమె గిటార్ వైపు చెయ్యి చూపింది. ఈ సమయంలో ఎవరేమంటారోనని భయపడుతూనే మీటాను. ఆమె నోరు తెరవలేదు. మళ్లీ మీటాను. పాట కూడా పోయిందేమో అనుకున్నాను.

ఆమె నా మణికట్టు పట్టుకుంది. కాసేపు అలాగే ఆపి, వదిలింది. అప్పుడు తట్టింది నాకు. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి వేళ్లు మార్చుకోవడం ఆయనకు ఎన్నడూ సరిగ్గా కుదరలేదు. అక్కడ ఆగేవారు. ఆమె కూడా ఆగేది.

ఈసారి ఆగి మీటాను. ఆమె పాట ఎత్తుకుంది. వేళ్లు మార్చే చోటు వచ్చేసరికి ఆమె చెయ్యి మళ్లీ నా మణికట్టు మీదికి వచ్చింది.