మావయ్య సొంత పేరు

మొన్న కంటి ఆసుపత్రిలో నర్సమ్మాయి నా పేరు మూడుసార్లు పిలిచినా నేను లేవలేదు. చెవుడు కాదండోయ్! కలకత్తా హైకోర్టులోనూ, ఆ తరవాత ఢిల్లీలో దేశపు అత్యున్నత న్యాయస్థానంలోనూ జడ్జీగా కూర్చున్నన్నాళ్లూ అందరూ హోదాతోనే పిలవడంతో, ఉత్త పేరు వినబడితే అది నాదేనని చప్పున తట్టలేదు. నవ్వొచ్చింది. వెంటనే మా చిన్న మావయ్య గుర్తొచ్చాడు.

మా నాన్న కలకత్తా పక్కనున్న లిలువా రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. అమ్మ తమ్ముళ్లిద్దరూ శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, రేవు దగ్గరి ఏక్‌బాల్‌పూర్‌లో ఉంటూ కలకత్తా రేవులో మూటలు మోసేవారు. ఆ రోజుల్లో మనవాళ్లకో అలవాటుండేది. అన్న ఊరెళితే తమ్ముడు అతని రేవు పని కార్డు పట్టుకుని, అన్న పేరుకే పలికి, పనిలోకి దిగిపోయేవాడు. పెద్ద మావయ్య ఊరెళ్లి జ్వరంతో అక్కడే పోయాడు. కార్డేమో చిన్న మావయ్య చేతిలో ఉండిపోయింది, పదకొండేళ్లు!

ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాయడంతో పనిలోంచి తీసేశారు. నలుగురు పిల్లలవాడు. నేనప్పుడే నల్లకోటు తొడుక్కున్న కుర్ర లాయర్ని, ఇదే నా మొదటి కేసు. కార్డులో ఉన్నదే నీ పేరని చెప్పు, తక్కింది నేను చూసుకుంటానని మావయ్యకు నూరిపోశాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, కానీ నిజం.

మాది క్రైస్తవ కుటుంబం, కార్మిక న్యాయస్థానంలో బైబిలు మీద చెయ్యి పెట్టాక మావయ్యకు అబద్ధమాడ్డానికి నోరు రాలేదు. పేరడిగితే, “ఆ పేరు మా అన్నది బావూ, ఆడు సచ్చిపోనాడు. మూటలు మోసింది మాత్రం నానే” అనేశాడు. ఆ పూట దుబాసీ రాలేదు. ఏమన్నాడో చెప్పమని బెంగాలీ జడ్జీగారు నన్నే అడిగారు. అక్కడ తెలుగు తెలిసినవాళ్లు ఇంకెవరూ లేరు, ఒక్క ముక్క మార్చేస్తే చాలు. మావయ్య మాత్రం నా మీదే భారం వేసి చూస్తున్నాడు. ఉన్నదున్నట్టు చెప్పేశాను. కొంప మునిగిందనే అనుకున్నాను.

జడ్జీగారు కళ్లజోడు తీసి, ఇన్నేళ్లలో ఈయన పని మీద ఒక్క ఫిర్యాదైనా ఉందా అని రేవు అధికారిని అడిగారు. లేదన్నాడు. అయితే పనిచేసిన చేతులు ఈయనవే కదా, సొంత పేరుతో కార్డిచ్చి పనిలోకి తీసుకోండి అన్నారు.

తమాషా ఏమిటంటే, ఆ మర్నాడు హాజరుపట్టీలో తన పేరు మూడుసార్లు పిలిచినా మావయ్య పలకలేదట! పక్కవాడు “ఏటి మావా, నిన్నే!” అని పొడిస్తే ఉలిక్కిపడి, వరసలోనే నిలబడి భోరుమన్నాడట. తరవాత నేను జడ్జీనయ్యాక, పేరడిగి సాక్షి నోరు విప్పేదాకా ఎంతసేపైనా ఆగేవాణ్ణి. ప్లీడర్లు విసుక్కునేవారు, విసుక్కోనీ!

ఇప్పుడు రేవు గేటు దగ్గర వేలిముద్ర పెడితే చాలట, పేరు పిలిచే పనే లేదు. మంచిదే, ఇక ఎవరి కార్డు వారిదే. నన్ను ఒరే అని పిలిచేవాళ్లు మాత్రం ఒక్కరూ మిగల్లేదు. ఆసుపత్రిలో ఆ దిగులులో ఉండగానే నర్సమ్మాయి దగ్గరికొచ్చి, భుజం తట్టి, బెంగాలీలో తాతని పిలిచినట్టు “దాదూ, ఈ పేరు మీదే కదా?” అంది.

“నానే” అన్నాను, అచ్చం మావయ్యలా. ఆ పిల్లకు తెలుగు రాదు, అయినా అర్థమైంది.